బెలూన్లు ఎదురొస్తే చిన్న విమానం ఏం చేయాలి? నవ్వకుండా చెప్పండి

గాలిలో_గోపి
మాది తిరుపతి. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో పైలట్ ట్రైనింగ్ చేస్తున్నాను. మొన్న ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సెస్నా 172 అనే చిన్న విమానంలో క్రాస్ కంట్రీకి, అంటే దూరపు ఊరికి ఎగిరే ట్రైనింగ్‌కి, మన రేణిగుంట ఎయిర్‌పోర్టుకే వచ్చాను. చిత్తూరు దాటాక, పాకాల దగ్గర, నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉన్నాం. ఎదురుగా చిన్న చుక్క కనిపించింది. గద్ద అనుకున్నాను. గద్దయితే కాసేపటికి పక్కకు జరుగుతుంది. ఇది మాత్రం అద్దంలో ఒకే చోట ఉండిపోయింది. ఉన్నట్టుండి పెద్దదైపోయింది. చూస్తే ఎర్రవి, తెల్లవి కలిపి కట్టిన బెలూన్ల గుత్తి! మధ్యలో బంగారు రంగు ‘1’ అంకె, కింద వేలాడుతూ రిబ్బన్లు. ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ తీసుకుని కుడికి తిప్పారు. గుత్తి ఎడమ రెక్క పక్కనుంచి వెళ్లిపోయింది.

ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు, అదీ నా బాధ. మా నాన్నయితే “బెలూన్‌కే జడుసుకుంటే రేపు అంతమంది జనాన్ని ఎట్లా మోస్తావురా” అన్నారు. స్కూల్లో పక్షి తగిలితే నింపడానికి ఫారం ఉంది. బెలూన్ అనేసరికి బ్యాచ్ మొత్తం పగలబడి నవ్వింది. అసలు ఇది నవ్వే విషయమేనా? తగిలి ఉంటే ఏమయ్యేది? తిప్పడం కరెక్టా, నేరుగా పోవాల్సిందా? ఇవి ఎక్కడివై ఉంటాయి?

పాకాల_జంక్షన్
మా ఊరి మీద ఇంత కథ జరిగిందా! ఎవరి పిల్లోడి మొదటి పుట్టినరోజో గానీ ఆకాశంలో వాళ్లని కూడా పిలిచారు.

చిత్తూరు_చిన్నోడు
ఇంకెక్కడివి, గాదంకి వాతావరణ పరిశోధనా కేంద్రం వాళ్లవే. రోజూ సాయంత్రం వదులుతారు. అంత పెద్ద రాడార్ పెట్టుకుని తమ బెలూన్ ఎటు పోతోందో చూసుకోరా?

రేణిగుంట_రమణ
నవ్వే విషయం కాదు తమ్ముడూ. మా ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కనే. పెళ్లిళ్ల సీజన్‌లో చూడాలి, డీజేలు, లేజర్లు, గ్యాస్ బెలూన్లు, అన్నీ పైకే. నన్నడిగితే మొత్తం బ్యాన్ చేసేయాలి.

గాదంకి_గాలి
చిన్నోడూ, కొంచెం ఆగు. నేను చదువుకునే రోజుల్లో గాదంకిలో ప్రాజెక్టు చేశాను కాబట్టి చెప్తున్నా. గోపి చూసింది గాదంకి బెలూన్ అయ్యే అవకాశమే లేదు.

వాతావరణ బెలూన్ ఒకటే ఉంటుంది, గుత్తులు కట్టరు. రంగు తెలుపు లేదా లేత పసుపు. దాని కింద చిన్న పారాచూట్, ఇంకా కిందికి పొడవాటి దారం, దాని చివర రేడియోసోండ్ అనే డబ్బా ఉంటాయి. ఉష్ణోగ్రత, తేమ కొలిచి ఎప్పటికప్పుడు కిందికి రేడియోలో పంపుతుంది. మొత్తం డబ్బా బరువు రెండు మూడు వందల గ్రాములు దాటదు. సెకనుకు సుమారు ఐదు మీటర్ల చొప్పున పైకి పోతుంది. పైన గాలి పల్చబడే కొద్దీ ఉబ్బి ఉబ్బి 30 కిలోమీటర్ల దగ్గర పగిలిపోతుంది. అంటే మీ నాలుగు వేల అడుగులు దాటడానికి నాలుగైదు నిమిషాలు కూడా పట్టదు. బంగారు రంగు ‘1’ అంకె కట్టి వాతావరణం కొలిచే శాస్త్రవేత్తని నేనైతే చూడలేదు.

ఇక రాడార్ సంగతి. 1992లో మొదలైన ఎమ్‌ఎస్‌టీ రాడార్ అది. దాన్ని నడిపే సంస్థే తర్వాత ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల) అయింది. నేల మీద 1024 యాంటెన్నాలు పరిచి పైకి చూస్తూ, గాలి ఎటు వీస్తోంది, ఎంత కల్లోలంగా ఉంది అని కొలుస్తుంది. ఎయిర్‌పోర్టు రాడార్‌లాగా తిరుగుతూ విమానాల్ని, బెలూన్లని వెతకడం దాని పని కాదు.

చిత్తూరు_చిన్నోడు
సరే ఒప్పుకుంటాను. మరి ఎక్కడివంటావు?

గాదంకి_గాలి
ఇప్పుడు కింది గాలులు దక్షిణం, నైరుతి నుంచి వీస్తున్నాయి. పాకాల మీద కనిపించాయంటే దానికి దక్షిణం, నైరుతి వైపు ఎక్కడో వదిలి ఉండాలి. పూతలపట్టు, కాణిపాకం, మీ చిత్తూరు…

పాకాల_జంక్షన్
దొంగ దొరికాడు 😂 చిన్నోడా, మీ వీధిలో మొన్న పుట్టినరోజు ఎవరిది?

చిత్తూరు_చిన్నోడు
మా అక్క కూతురిది. కానీ అది మూడోది, అంకె కలవదు. నేను సేఫ్.

కెప్టెన్_తాతయ్య
గోపీ, నవ్వేవాళ్లని నవ్వనీ. చాలా ఏళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి ఇప్పుడు చిత్తూరు దగ్గర మామిడి తోట చూసుకుంటున్నాను. నీ ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నాయి. తగిలితే ఏమవుతుందన్నది ఒకటి. తప్పించబోతే ఏమవుతుందన్నది ఇంకొకటి. నా భయం రెండోదాని గురించే.

ఒట్టి రబ్బరు బెలూన్ ప్రొపెల్లర్‌కి తగిలితే పీలికలవుతుంది, అంతే. కొన్ని దేశాల్లో ఫ్లయింగ్ క్లబ్బుల వాళ్లు పండగలాగా చేరి, ఒక్కో బెలూన్ వదిలి ప్రొపెల్లర్‌తో పేల్చే పోటీలు కూడా పెట్టుకుంటారు. కాబట్టి బెలూన్ తగలగానే విమానం కూలిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

దానికి కట్టినవాటితోనే చిక్కు. ఆ ‘1’ అంకె చేసిన మెరిసే ఫాయిల్ పెద్ద ముక్కగా ఇంజిన్‌కి గాలి పోయే ఫిల్టర్ మీద అతుక్కుంటే పవర్ పడిపోవచ్చు. కార్బ్యురేటర్ ఉన్న పాత 172 అయితే కార్బ్ హీట్ లాగు, గాలి వేరే దారిలో వస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 172ఎస్‌లో ఆల్టర్నేట్ ఎయిర్ తలుపు స్ప్రింగుతో దానంతట అదే తెరుచుకుంటుంది. ఎడమ రెక్క కింద పిటో ట్యూబ్ ఉంటుంది కదా, దాని రంధ్రం మూసుకుపోతే స్పీడు ముల్లు అబద్ధం చెప్తుంది. ముల్లు సున్నాకి పడిందని కంగారుపడి ముక్కు దించేయకూడదు. పవర్ ఎంత పెట్టావు, ముక్కు ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండూ చూసుకుని ఎగరాలి.

ఇక తిప్పడం. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాలిస్తే రెక్కల మీద బరువు రెట్టింపవుతుంది, స్టాల్ స్పీడు (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు) 41 శాతం పెరుగుతుంది. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) లేకుండా 48 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ఉండేది 68 దగ్గరికి వస్తుంది. నాలుగు వేల అడుగుల్లో క్రూయిజ్ స్పీడుతో పోతున్నప్పుడు మీ సార్ తిప్పారు, బాగానే ఉంది. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా చివరి దిగుడులో, 65 నాట్లతో ఐదు వందల అడుగుల్లో దిగుతూ అదే తిప్పుడు తిప్పావనుకో, బెలూన్ నిన్నేమీ చేయదు, నేల చేస్తుంది.

గాలిలో_గోపి
థాంక్యూ సార్. అయితే దిగేటప్పుడు ఎదురొస్తే తగలనివ్వాలా?

కెప్టెన్_తాతయ్య
కొద్దిగా పక్కకు జరిగే అవకాశం ఉంటే జరుగు. లేకపోతే గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి పోవడం. పవర్ పెట్టి, రెక్కలు సమంగా ఉంచి పైకి పో. గట్టిగా వాలిస్తే తప్ప తప్పించుకోలేను అనే పరిస్థితి వస్తే, ఆ రబ్బరుని తగలనివ్వడమే మేలు.

ఇంకో మాట. దాని కింద నుంచి దూరాలని చూడొద్దు. దారం, రిబ్బను, డబ్బా, ఏది కట్టినా కిందే వేలాడుతుంది. బెలూన్ కనిపిస్తుంది, దారం కనిపించదు.

ఫిజిక్స్_టీచరమ్మ
ఎందుకు అంత ఆలస్యంగా కనిపించిందో లెక్క వేస్తే తెలుస్తుంది. మీ విమానం 110 నాట్లతో పోతోందనుకుంటే అది గంటకు సుమారు 204 కిలోమీటర్లు, సెకనుకు 57 మీటర్లు. మన కన్ను సాధారణంగా ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) కంటే చిన్న వివరాన్ని విడిగా గుర్తుపట్టలేదు. 30 సెంటీమీటర్ల ఒంటరి బెలూన్ 700 మీటర్ల దూరంలో ఒకటిన్నర ఆర్క్ మినిట్ ఉంటుంది, అంటే కష్టమ్మీద కనపడే చుక్క. ఆ 700 మీటర్లు దాటడానికి మీ విమానానికి పన్నెండు సెకన్లు చాలు. గుత్తి కాబట్టి గోపికి కాస్త ముందుగా కనపడి ఉంటుంది.

పాకాల_జంక్షన్
పన్నెండు సెకన్లు అంటే చాలా టైమే కదా మేడమ్. బైక్ మీద అయితే ఒక్క సెకనులో బ్రేక్ వేస్తాం.

కెప్టెన్_తాతయ్య
అమెరికా విమానయాన శాఖ పైలట్లకి ఇచ్చే సలహా పత్రంలో సరిగ్గా ఆ లెక్కే ఉంది, మొత్తం 12.5 సెకన్లు. కన్ను చూడటానికి 0.1, అదేమిటో గుర్తుపట్టడానికి 1, అది మన మీదికే వస్తోందని అర్థం కావడానికి 5, ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి 4, చేయి కదలడానికి 0.4, విమానం మాట వినడానికి 2. చూశావా, చేతికి పట్టేది అర సెకను కూడా కాదు. మిగతాదంతా బుర్రలోనే. బైక్ మీద ఎదురుగా బర్రె ఉంటే అది బర్రె అని నీకు ముందే తెలుసు. ఆకాశంలో చుక్క చుక్కలాగే ఉంటుంది.

గోపి చెప్పిన ఒక్క ముక్క మాత్రం కొత్త కుర్రాళ్లు రాసిపెట్టుకోవాలి. అద్దంలో కదలకుండా ఒకే చోట ఉండి పెద్దదవుతోందంటే అది నీ దారిలోనే ఉంది. పక్కకు జరుగుతున్నది నిన్ను తాకదు. ఇంకా, అది క్షితిజానికి కింద కనిపిస్తే నీకంటే కింద ఉన్నట్టు, పైన కనిపిస్తే పైన ఉన్నట్టు. సరిగ్గా గీత మీద ఉంటే నీ ఎత్తులోనే ఉంది, అప్పుడు జాగ్రత్త.

బెలూన్_బాషా
నన్నెవరూ పిలవలేదు గానీ నా పొట్ట మీద కొట్టే మాటలు వినిపిస్తున్నాయి కాబట్టి వచ్చాను. తిరుపతిలో ఫంక్షన్లకి డెకరేషన్ చేస్తాను. రమణన్నా, మొత్తం బ్యాన్ అంటే ఎట్లా? నేను కట్టే బెలూన్లలో ఎక్కువ భాగం మామూలు పంపుతో గాలి కొట్టినవే, అవి ఎగరవు. ఆర్చులు, గోడ మీద బొమ్మలు, అన్నీ గాలివే. గ్యాస్ బెలూన్లు అడిగేవాళ్లు తక్కువ. హీలియం రేటు వింటేనే సగం మంది వెనక్కి పోతారు.

వదిలినా, రబ్బరువి తిన్నగా పైకి పోయి పగిలిపోతాయి. ఎనిమిది, పది కిలోమీటర్లు పోయాక చలికి, ఒత్తిడి తగ్గడానికి ముక్కలవుతాయని మాకు సరుకు ఇచ్చేవాళ్లు చెప్తారు.

ఫిజిక్స్_టీచరమ్మ
బాషా గారూ, ఒక్కటే రబ్బరు బెలూన్ అయితే మీరన్నది నిజమే, త్వరగానే పైకి పోతుంది. లీటరు హీలియం ఎత్తగలిగేది దాదాపు ఒక గ్రాము. ఫాయిల్ అంకె, రిబ్బన్లు, ఫొటో కార్డు అన్నీ కలిపి కడితే ఆ ఎత్తే బలమంతా వాటికే సరిపోతుంది. అప్పుడు పైకి పోవడం నిదానమవుతుంది, గాలివాటున అడ్డంగా ఎక్కువ దూరం పోతుంది. చిన్న విమానాలు తిరిగేది కూడా ఆ కింది ఎత్తుల్లోనే. పైగా ఫాయిల్ రబ్బరులాగా సాగదు, గ్యాసు త్వరగా వదలదు. రబ్బరుది ఒక రోజులో వాడిపోతే ఫాయిల్‌ది రోజుల తరబడి ఉంటుంది.

రేణిగుంట_రమణ
కరెంటు తీగల మీద పడితే షార్ట్ సర్క్యూట్ కూడా. ఆ మెరుపు లోహమే కదా. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకసారి టపీమంది, ఆ రాత్రంతా దోమలతో జాగారం. బాషా, బిల్లు నీకే పంపాలి.

బెలూన్_బాషా
పంపన్నా, జీఎస్టీ కూడా కలిపి పంపు. నేను ఫాయిల్ అంకెలకి కింద ఇసుక సంచి కట్టే ఇస్తాను. ఫొటోలు అయిపోయాక పిల్లలు కత్తిరించి వదిలేస్తారు. వీడియోకి బాగుంటుందని పెద్దవాళ్లే కత్తెర ఇస్తారు.

లా_పాయింట్
చట్టం ప్రకారం చెప్పాలంటే అందరూ నవ్వుకోండి. 1934 నాటి మన విమాన చట్టంలోనూ, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌లోనూ ‘ఎయిర్‌క్రాఫ్ట్’ నిర్వచనంలో కట్టేసినవైనా వదిలినవైనా బెలూన్లు వస్తాయి, గాలిపటాలూ వస్తాయి. అంటే సంక్రాంతికి మేడ ఎక్కిన ప్రతి పిల్లోడూ పైలటే. గోపీ, లైసెన్సుకి 200 గంటలు ఎగరాలని ఎందుకు కష్టపడుతున్నావో.

చిత్తూరు_చిన్నోడు
మాంజా కట్టే మా మామ అయితే కెప్టెన్ అన్నమాట.

లా_పాయింట్
జోకు పక్కన పెడితే, మనిషి లేకుండా వదిలే బెలూన్లకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలున్నాయి. మోసే బరువు 4 కిలోల లోపు అయితే తేలికవి, 4 నుంచి 6 దాకా మధ్యరకం, 6 దాటితే బరువైనవి. బరువైనవాటికి చాలా షరతులు. కేవలం వాతావరణం కొలవడానికి వదిలే తేలికవాటికి మాత్రం ప్రతిసారీ అనుమతి తీసుకోవాల్సిన పని లేదు. పుట్టినరోజు గుత్తి ఎవరి లెక్కలోకీ రాదు, అదే అసలు గొడవ. డ్రోన్ అయితే ఎయిర్‌పోర్టు చుట్టూ రెడ్ జోన్, ఎల్లో జోన్ అని 2021 డ్రోన్ రూల్స్‌లో మ్యాపు ఉంది. బెలూన్ కొనేవాడికి ఏ మ్యాపూ లేదు.

సత్యవేడు_రైతుబిడ్డ
వాతావరణ బెలూన్ సంగతి వచ్చింది కాబట్టి మా కథ. ఒకసారి వానాకాలంలో మా వేరుశెనగ చేలో తెల్ల డబ్బా, చిరిగిన రబ్బరు, దారం పడి ఉన్నాయి. డబ్బాలో చిన్న లైటు వెలుగుతోంది. ఊరు ఊరంతా బాంబన్నారు. మా పెదనాన్న ఒక్కడే దగ్గరికెళ్లి, “బాంబుకి థర్మోకోల్ ఎందుకు కడతార్రా, చేపలకి కట్టినట్టు” అన్నాడు. పోలీసులొచ్చి చూసి వాతావరణ శాఖదని తేల్చారు. చెన్నై నుంచి వచ్చిందట. మాకు అర్థం కానిది ఒకటే. ఆ రోజుల్లో గాలి పడమటి నుంచి సముద్రం వైపు వీస్తుంది. చెన్నైలో వదిలింది మా వైపు ఎట్లా వచ్చింది?

గాదంకి_గాలి
మంచి ప్రశ్న. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన నెత్తిన గాలి రెండు అంతస్తులుగా ఉంటుంది. కింద పడమటి గాలి. పైన, ముఖ్యంగా 14, 15 కిలోమీటర్ల దగ్గర, తూర్పు నుంచి పడమటికి చాలా బలమైన ప్రవాహం, దాన్ని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. చెన్నైలో వదిలిన బెలూన్ ముందు సముద్రం వైపు పోతుంది, పైకెళ్లాక జెట్టు పట్టుకుని వెనక్కి వస్తుంది, పగిలాక మీ చేలో దిగుతుంది. గాదంకి పరిశోధనల్లో ఆ జెట్టు మీద చాలా పని జరిగింది.

ఇంకో సంగతి, ఇవి ప్రపంచమంతా ఒకే వేళకి లెక్క కట్టి వదులుతారు. మనకి ఉదయం 5:30, సాయంత్రం 5:30, కాస్త అటూఇటూగా. ఆ వేళలు తెలిసి ఉంటే పైలట్లకి కూడా మంచిది.

సత్యవేడు_రైతుబిడ్డ
ఇప్పటికి అర్థమైంది. ఆ పారాచూట్ గుడ్డ మా చెల్లెలి బొమ్మకి గొడుగైంది, అది వేరే విషయం.

విజయవాడ_వీరు
మీ పుట్టినరోజు బెలూన్లు ఎంత. 2022 జులై 4న ప్రధాని హెలికాప్టర్ గన్నవరం నుంచి భీమవరం బయల్దేరినప్పుడు నిరసనకారులు నల్ల బెలూన్లు వదిలారు గుర్తుందా? హెలికాప్టర్ కనిపించే ఫ్రేములోనే బెలూన్లు కూడా. దేశమంతా గోల, అరెస్టులు. అప్పుడు ఒక్కరూ నవ్వలేదు.

రేణిగుంట_రమణ
అదీ మాట. పెద్దవాళ్లకైతే భద్రతా లోపం, గోపికైతే జోకు.

పాకాల_జంక్షన్
చిన్న విమానాల సంగతి సరే, పెద్దవాటికి ఏమీ కాదుగా? ఎల్లుండి మా అమ్మవాళ్లు హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కుతున్నారు, టెన్షన్ పెట్టకండి.

గాదంకి_గాలి
టెన్షన్ అక్కర్లేదు, కానీ ఎప్పుడూ జరగలేదని మాత్రం అనలేం. 2025 అక్టోబరు 16న అమెరికాలో యునైటెడ్ సంస్థ బోయింగ్ 737 ఒకటి డెన్వర్ నుంచి లాస్ ఏంజెలెస్ పోతూ యూటా రాష్ట్రం మీద 36 వేల అడుగుల్లో ఉండగా ముందు అద్దానికి ఏదో తగిలింది. అద్దం లోపలి వైపు చిట్లి పైలట్ చేతికి గాజు గుచ్చుకుంది. సాల్ట్ లేక్ సిటీలో సురక్షితంగా దించారు. మొదట అంతరిక్ష శకలం అన్నారు, ఉల్క అన్నారు. చివరికి చూస్తే ఒక ప్రైవేటు కంపెనీ వాతావరణ బెలూన్. దాని బరువు 2.4 పౌండ్లు, అంటే కిలో పైచిలుకు. మామూలు వాటిలాగా పైకి పోయి పగిలిపోకుండా రోజుల తరబడి ఆకాశంలో తిరిగే రకం. ఆ తర్వాత, విమానాలు తిరిగే ఎత్తుల్లో తమ బెలూన్లు ఎక్కువసేపు ఉండకుండా చూస్తామని ఆ కంపెనీ చెప్పింది.

చిత్తూరు_చిన్నోడు
అంత పెద్ద విమానం అద్దమే చిట్లితే సెస్నా అద్దం?

కెప్టెన్_తాతయ్య
సెస్నాది గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. గద్ద తగిలినా పగలవచ్చు. కాకపోతే స్పీడు తక్కువ. జెట్ విమానం వేగంలో సుమారు నాలుగో వంతే మనకి ఉంటుంది, దెబ్బ బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. రబ్బరుకి భయపడను. కిలో బరువు కట్టిన బెలూనైతే మాత్రం సెస్నాలో కూర్చుని నేనూ భయపడతాను.

తిరుచానూరు_తులసి
మరి తిరుమల కొండ మీద విమానాలు తిరగకూడదు అని టీటీడీ ఎప్పట్నుంచో అడుగుతోంది కదా. ముందు అది చేయకుండా బెలూన్ల గొడవేంటి? ఆగమశాస్త్రం ప్రకారం…

రేణిగుంట_రమణ
అక్కా, ఆ లెక్కన రేణిగుంటలో దిగేవాళ్లు ఎటు నుంచి రావాలి?

తిరుచానూరు_తులసి
దక్షిణం నుంచి రండి. దారులే లేవా?

నిర్వాహకుడు
తిరుమల నో ఫ్లై జోన్ గురించి ఇప్పటికే పెద్ద చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ బెలూన్ల వరకే. తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు అక్కడికి మార్చాను.

గాలిలో_గోపి
రిపోర్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఫారంలో బెలూన్ గడి లేదు, ఏం రాయాలి? తగల్లేదు కాబట్టి వదిలేయమంటున్నారు ఫ్రెండ్స్.

కెప్టెన్_తాతయ్య
వదిలేయకు. ముందు రేడియోలో అప్పటికప్పుడు చెప్పాలి. ఎక్కడ, ఎంత ఎత్తు, ఏ రంగు, ఒకటా గుత్తా, కింద ఏమైనా వేలాడుతోందా, ఎటు కొట్టుకుపోతోంది. నీ వెనక వచ్చేవాడికి అది పనికొస్తుంది. దిగాక స్కూల్ సేఫ్టీ ఆఫీసర్‌కి మామూలు తెల్ల కాగితం మీద రాసివ్వు. గడి లేకపోతే ‘ఇతరములు’ ఉంటుంది. నువ్వు చూసింది చూసినట్టు రాయి, నువ్వు ఊహించింది రాయకు.

బ్రిటన్‌లో విమానాలు దేనికైనా దగ్గరగా వచ్చిన ఘటనలు పరిశీలించడానికి ఎయిర్‌ప్రాక్స్ బోర్డు ఉంది. వాళ్లు డ్రోన్, బెలూన్, మోడల్ విమానం, గుర్తు తెలియని వస్తువు అని విడివిడిగా లెక్క రాస్తారు. ఎందుకంటే క్షణంలో దాటిపోయింది డ్రోనో బెలూనో పైలట్‌కే చాలాసార్లు తెలియదు. నువ్వు అంకె కూడా చదవగలిగావు, అదృష్టం.

లా_పాయింట్
తాతయ్య గారితో ఒక్క చోట విభేదిస్తాను. కాగితం రాసి ఏం లాభం? ఎవరు వదిలారో పట్టుకునేదెట్లా? పట్టుకున్నా ఏ సెక్షన్ పెడతారు? గణతంత్ర దినం అప్పుడు కొన్ని నగరాల్లో పోలీసులు బెలూన్లు, గాలిపటాలు, డ్రోన్లు ఎగరేయొద్దని ఉత్తర్వులిస్తారు. అవి తాత్కాలికం. మిగతా రోజుల్లో ఎవరి ఇష్టం వాళ్లది.

కెప్టెన్_తాతయ్య
పట్టుకోవడానికి కాదయ్యా. ఒకే చోట, ఒకే సీజన్‌లో పది కాగితాలు చేరితే ఎయిర్‌పోర్టు వాళ్లు పక్కనున్న కల్యాణమండపాలకి పోయి చెప్పగలరు. ఒక్క కాగితమూ లేకపోతే “ఇక్కడ అలాంటివి ఏమీ లేవు” అనే అంటారు. పక్షుల విషయంలో మాంసం దుకాణాల చెత్త గురించి అట్లాగే తెలిసింది. రిపోర్టులు చేరాకే.

లా_పాయింట్
సరే, కల్యాణమండపాల వరకు ఒప్పుకుంటాను. పాకాల అవతల ఊళ్లకి ఎవరు పోతారు?

కెప్టెన్_తాతయ్య
ఎవరూ పోరు. అందుకే పైలట్ కళ్లు బయట పెట్టుకోవాలి. ఇప్పుడు పిల్లలు లోపల ట్యాబ్లెట్ మ్యాపు చూస్తూ కూర్చుంటారు. ఏ తెర మీదా ఆ గుత్తి రాదు. తన ఉనికిని రేడియోలో చెప్పే ట్రాన్స్‌పాండర్ దానికి లేదు.

బెలూన్_బాషా
నేను ఒకటి చేస్తాను. రేణిగుంట, ఏర్పేడు వైపు ఆర్డర్లకి గ్యాస్ వదిలే కార్యక్రమం ఒప్పుకోను. కావాలంటే లోపల పైకప్పుకి వల కట్టి, గాలి బెలూన్లు కింద పడేట్టు పెడతాను. ఫొటోలో అదే బాగుంటుంది కూడా. కానీ నేను మానేస్తే పక్క షాపువాడు చేస్తాడు, అదీ చెప్తున్నా. వాడు హీలియం కూడా వాడడు, హైడ్రోజన్ నింపుతాడు. కొవ్వొత్తి పక్కన పెడితే పుట్టినరోజు కాస్తా ఫైరింజన్ అవుతుంది.

ఫిజిక్స్_టీచరమ్మ
ఆగస్టు 15కి మా స్కూల్లో మూడు రంగుల బెలూన్లు వదలాలని ప్లాన్ ఉంది. స్టాఫ్ మీటింగులో ఈ చర్చ చదివి వినిపించాను. హెడ్‌మాస్టర్ గారు “విమానం మన స్కూలు మీదుగా పోతుందా టీచర్” అని అడిగారు. రోజూ పోతుందని ఆయన ఆఫీసు కిటికీలోంచే చూపించాను. ఈసారి వల పద్ధతి చేద్దామన్నారు. బాషా గారూ, రేటు చెప్పండి.

బెలూన్_బాషా
స్కూలంటే తగ్గించే ఇస్తాను మేడమ్. హాలు కొలతలు మెసేజ్ పెట్టండి.

రేణిగుంట_రమణ
చూశారా, బ్యాన్ అన్నందుకు నన్ను తిట్టారు, ఆర్డర్ మాత్రం బాషాకి వచ్చింది.

గాలిలో_గోపి
రాసిచ్చాను. సేఫ్టీ ఆఫీసర్ చదివి, వచ్చే వారం మా బ్యాచ్‌కి పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. టీచరమ్మ గారి 700 మీటర్ల లెక్క, తాతయ్య గారి 12.5 సెకన్లు వాడుకుంటాను, అభ్యంతరం లేదు కదా? ఇంకో డౌట్ సార్. లోపల చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టిన బెలూన్లు వస్తున్నాయి. రాత్రి అవి ఇంకో విమానం లైటులా కనిపిస్తే?

కెప్టెన్_తాతయ్య
వాడుకో. విమానం లైటయితే ఎడమ ఎరుపు, కుడి పచ్చ, తోక తెలుపు, పైగా మెరిసే స్ట్రోబ్ ఉంటుంది. ఒక్కటే రంగు, మెరుపు లేదు, నిదానంగా పైకి పోతోంది అంటే విమానం కాదు. అయినా రాత్రి దూరం అంచనాకి అందదు. చిన్న లైటు దగ్గర ఉందా, పెద్ద లైటు దూరంగా ఉందా కన్ను చెప్పలేదు. ఏటీసీని (నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లని) అడుగు, ఎదురుగా ట్రాఫిక్ ఏమైనా ఉందా అని. లేదంటే కొద్దిగా దారి మార్చి పో.

కొత్తగా_వచ్చాను_17
అందరికీ డౌట్లు తీరుస్తున్నారు కాబట్టి నాదీ ఒకటి. ఇంటర్ ఎంపీసీ అయింది. పైలట్ కోర్సుకి మొత్తం ఎంత అవుతుంది? లోన్ వస్తుందా? కళ్లద్దాలు ఉంటే తీసుకుంటారా?

నిర్వాహకుడు
దానికి ‘విమాన కోర్సులు, ఫీజులు’ విభాగం ఉంది, అక్కడ అడగండి. గోపి కూడా అక్కడ ఉంటాడు.